మూత దగ్గర నిలబడే మనిషి

మొగుడు తనని ‘మీరు’ అంటుంటే, జబ్బు తగ్గే దారిలో అదీ ఒక మజిలీయే అనుకుని సరిపెట్టుకుంది కోడలు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పుడు అతనికి అసలు మాటే లేదు. కొన్నాళ్ళకి నీళ్ళు అన్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున, మంచం పక్కన కూచుని తడిగుడ్డతో మెడ తుడుస్తున్న ఆమెని చూసి, "మీకు శ్రమ ఇస్తున్నానండీ" అన్నాడు. నర్సు నవ్వింది. కోడలూ నవ్వేసింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ‘ఒసేయ్’, ‘మొద్దూ’ తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి నోట ‘అండీ’ రావడం ఎంత వింత! ఇంటికెళ్ళాక దీన్ని పట్టుకుని జన్మంతా ఏడిపించొచ్చులే అనుకుంది.

ఇంటికొచ్చారు. ఆ ‘మీరు’ కూడా వెంటే వచ్చింది.

ఫ్యాక్టరీలో అతన్ని అందరూ గ్యాసాయన అనేవాళ్ళు. మందుల్లో వాడే పొడి చేస్తారక్కడ. ఆ పొడికి తడి తగలకూడదు, గాలిలో ఆక్సిజన్ తగలకూడదు. తగిలితే పాడైపోతుంది, ఒక్కోసారి అంటుకున్నా అంటుకుంటుంది. అందుకని మనిషి దిగేంత పెద్ద ఉక్కు ట్యాంకుల్లో ఎప్పుడూ నైట్రోజన్ నింపి ఉంచుతారు. ఆ గ్యాసు గొట్టాలూ, వాల్వులూ చూసుకోవడం అతని పని. పనంటే అతనికి పిచ్చి. పెళ్ళైన కొత్తలో ఒకసారి చిప్స్ ప్యాకెట్టు కొనుక్కొచ్చి, "తిను, ఇందులో సగం నా సరుకే" అన్నాడు.

"సగం గాలే కదండీ. గాలికి డబ్బులిచ్చారా?"

"గాలి కాదే మొద్దూ, నైట్రోజన్. గాలి నింపితే నూనె కంపు కొట్టేస్తుంది, ముక్కలు మెత్తబడిపోతాయి. విమానం టైర్లలో కూడా ఇదే. ఉక్కు నల్లబడకుండా కొలిమిలో ఇదే. నీ ఫోను లోపల సన్న సన్న టంకాలు పెట్టేటప్పుడూ ఇదే."

"అన్నిచోట్లా ఉంటే, ఏం చేస్తుందేమిటి అది?"

"ఏమీ చెయ్యదు. అదే దాని గొప్ప. తనంతట తను కాలదు, ఇంకోదాన్ని కాలనివ్వదు. ఊరికే చోటు ఆక్రమించుకుని కూచుంటుంది."

"అచ్చం మా నాన్నలాగా అన్నమాట" అంది ఆమె. పొలమారేదాకా నవ్వాడు. నవ్వి, తమ ఫ్యాక్టరీలో వాడేది మామూలు నైట్రోజన్ కాదనీ, ఐదు తొమ్మిదుల సరుకనీ, అంటే నూటికి తొంభై తొమ్మిది పెట్టి, చుక్క పెట్టి, ఇంకో మూడు తొమ్మిదులు పెట్టాలనీ వేలితో చాప మీద రాసి చూపించాడు. ఎనిమిదిలోనే బడి మానిపించేశారు ఆమెని. "నా బతుక్కి ఏ పరీక్షలోనూ ఒక్క తొమ్మిది రాలేదు, మీ డబ్బాకి ఐదా?" అంది.

అలాంటి మనిషికి ఆ గ్యాసు దగ్గరే దెబ్బ తగలడం ఏమిటని ఊళ్ళో అందరూ అన్నారు. బక్కోడు చెబితేగానీ ఆమెకి అర్థం కాలేదు. బక్కోడంటే అతనితో పాటు పనిచేసేవాడు, పేరుకి తగ్గట్టు గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. ఆమె అన్నయ్యా అంటుంది.

"మాది ముక్కు అలవాటమ్మా చెల్లెమ్మా" అన్నాడు బక్కోడు ఆసుపత్రి వరండాలో, తలెత్తకుండా. "ఇదివరకు అక్కడ రంగులు చేసేవాళ్ళం. ట్యాంకులో థిన్నర్ మిగిలుంటే కంపు గుప్పుమనేది. మూత కొంచెం జరపడం, ముక్కు పెట్టడం, కంపు లేకపోతే పని మొదలెట్టడం. ఏళ్ళ తరబడి అదే. తర్వాత పొడి వచ్చింది, నైట్రోజన్ వచ్చింది. గోడ మీద బోర్డు రాయించారు, ఆక్సిజన్ తగ్గితే కూసే మీటర్లిచ్చారు. నోటికి అన్నీ వచ్చినయ్. ముక్కు మాత్రం మారలా."

ఆ రోజు మూతకుండే రబ్బరు చుట్ట జారి ట్యాంకులో పడిందట. అందేంత దూరంలోనే ఉందట. అందరికీ పాఠాలు చెప్పే గ్యాసాయన, మూత జరిపి, మామూలుగా ముక్కు పెట్టాడు. ఏ వాసనా లేదు. చెయ్యి చాపి, తల లోపలికి వంచాడు.

గాలి అందకపోతే మనిషి కొట్టుకులాడతాడనీ, గిలగిల్లాడతాడనీ అనుకుంటాం. అలా ఏం ఉండదట. ఛాతీ ఎప్పటిలాగే ఆడుతుంది, లోపలికి ఏదో వెళుతూనే ఉంటుంది, ఒంటికి ఏ తేడా తెలీదు. ఒకటి రెండు సార్లు గాలి పీల్చేసరికి దీపం ఆర్పినట్టు ఆరిపోతాడు. బక్కోడు ఊపిరి బిగబట్టి, వేలాడుతున్న అతని కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగాడు. లాగకపోతే తలకిందులుగా లోపలికే పోయేవాడు.

"మెదడుకి కాసేపు ఆక్సిజన్ అందలేదమ్మా" అంది డాక్టరమ్మ. "పోయినదాంట్లో కొంత తిరిగొస్తుంది, కొంత రాదు. ఏది వస్తుందో నేనూ చెప్పలేను."

ఆ మాటల్లో ‘కొంత తిరిగొస్తుంది’ అన్న ముక్కని కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది కోడలు.

మొదటినుంచీ ఆమెది పిరికి గుండె. చంటిపాప మధ్యాహ్నం కాసేపు ఎక్కువ నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఇప్పుడు రెండు ముక్కుల దగ్గర పెడుతోంది. అత్త చూసి, "బాగానే ఉన్నారు లేవే ఇద్దరూ, నువ్వలా వేళ్ళు పెట్టి పెట్టి ఉన్న ఊపిరి ఆపేసేలా ఉన్నావ్" అనేది. అత్త మాటే అంత, ఎప్పుడూ కారం చల్లినట్టే ఉంటుంది. కొడుకు తనని ‘అమ్మా’ అని సరిగ్గానే పిలుస్తున్నాడని ఆవిడకి లోపల ఒక మూల గర్వం కూడా. కోడలికది తెలుసు. తెలిసి ఏం చేస్తుంది?

ఒకరోజు ఫ్యాక్టరీ మేస్త్రీ వచ్చాడు. పెద్దాయన, ఆమెని కూతురిలా చూస్తాడు.

"అమ్మాయ్, ఎన్నాళ్ళని ఉంచుతారు వీడి చోటు ఖాళీగా? బరువు పని చెయ్యకూడదు, తేలిక పని చేసుకోవచ్చని ఆసుపత్రివాళ్ళు కాగితం ఇచ్చారంటున్నావుగా. సేఫ్టీ సారుతో మాట్లాడా. పిలిచి, బోర్డు మీదున్న ప్రశ్నలు అడుగుతారు. కొత్తవాళ్ళని అడిగేవే. చెప్పగలిగితే వాల్వుల దగ్గర కూచోబెడదాం."

"చెప్పలేకపోతే, బాబాయ్?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ రోజు నుంచి వంటిల్లు బడైపోయింది. బోర్డు మీద ఏముందో బక్కోడు వచ్చి చెబితే ఆమె వినగానే పట్టేసింది, సగం ఆమెకి ముందే తెలుసు కాబట్టి. అంట్లు తోముతూ ఒక ప్రశ్న, పాపకి ముద్ద పెడుతూ ఒక ప్రశ్న. అతను గుమ్మం దగ్గర పీట మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మంచి పిల్లాడిలా కూచునేవాడు.

"నైట్రోజన్ ఎలా ఉంటుందండీ?"

"తెలీదండీ."

"రంగుండదు, వాసనుండదు, రుచుండదు. అనండి."

"రంగుండదు. వాసన... మీరు కూచోండి, నిలబడే ఉన్నారు."

"నేను తర్వాత కూచుంటా. వాసనుండదు."

మొదట్లో పక్కరోజుకి ఏదీ మిగిలేది కాదు. ఆమె విసుక్కోలేదు, విసుక్కుంటే ముడుచుకుపోతాడు. తర్వాత తర్వాత ఒక్కో మాటా నిలబడసాగింది. మనం పీల్చే గాలిలో ముప్పాతిక పైనే నైట్రోజన్. తడీ ఆక్సిజనూ తగలకుండా ఉండటానికి వాడతాం. స్వచ్ఛత ఐదు తొమ్మిదులు. మూత తీసేముందు గ్యాసు వాల్వు కట్టెయ్యాలి, బయటి గాలి తోలాలి, మీటరు లోపలికి దించి చూడాలి. మీటరు కూస్తే దిగినవాణ్ణి తాడుతో పైకి లాగాలి, కేక వెయ్యాలి, తను మాత్రం తల పెట్టకూడదు.

ఒక సాయంత్రం మొదట్నుంచీ చివరిదాకా ఎక్కడా ఆగకుండా చెప్పేశాడు. అత్త చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నా కొడుకు నాకొచ్చేశాడు" అంది. ఆ పూట పొరుగింటావిడ తొంగిచూసి కూడా మెచ్చుకుంది. కోడలికి ఆకలి వేసి, రెండోసారి అన్నం పెట్టుకుంది. మనసులో ఒక చిన్న లెక్క వేసుకుంది: గ్యాసు తిరిగొచ్చింది కదా, దాని వెనకే చిప్స్ ప్యాకెట్టూ వస్తుంది, దాని వెనక తనూ వస్తుంది. అన్నీ ఒకే బుర్రలో ఉండేవే కదా.

పాపకి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. ఎప్పుడూ ఆ గుమ్మం దగ్గరే ఆడుకుంటుంది. మరునాడు కోడలు ప్రశ్నలు మొదలుపెట్టి, పొయ్యి మీద పాలు పొంగితే మధ్యలో ఆగింది. వెనక నుంచి పాప గొంతు వినపడింది. "లంగుందదు. వాతనుందదు." తండ్రి చెప్పే లోపే చెప్పేసి, చప్పట్లు కొట్టుకుంది.

అత్త పడీ పడీ నవ్వింది. "వాడికెందుకే ఉద్యోగం, దీన్ని పంపు. జీతం పాలడబ్బాకి సరిపోతుంది."

కోడలూ నవ్వింది. నవ్వుతూనే గిన్నె దించి, ఆ గిన్నె చేతిలో పట్టుకునే నిలబడిపోయింది. పాపకి నైట్రోజనంటే ఏమిటో తెలుసా? ప్రశ్న ఏమిటో కూడా తెలీదు. పాట లాగా, ఒకదాని తర్వాత ఒకటి వస్తుందని తెలుసు, అంతే.

అత్త పెరట్లోకి వెళ్ళేదాకా ఆగింది. అప్పుడు పీట ముందు కింద కూచుని, మెల్లిగా, మొదటి ప్రశ్న వదిలేసి, చివరిది అడిగింది.

"ఏమండీ, మీటరు కూసింది. ఏం చేస్తారు?"

అతను నిటారుగా కూచున్నాడు. "రంగుండదు, వాసనుండదు, రుచుండదు."

"అది కాదండీ. మీటరు."

"గాలిలో ముప్పాతిక పైనే."

"స్వచ్ఛత ఎంత?"

"తడీ ఆక్సిజనూ తగలకుండా" అన్నాడు. ఆమె ముఖం చూసి ఏదో తేడా వచ్చిందని కనిపెట్టినట్టున్నాడు, ఇంకా గట్టిగా, ఇంకా స్పష్టంగా మళ్ళీ చెప్పాడు. "తడీ, ఆక్సిజనూ, తగలకుండా అండీ."

ఆమె లేచి పాపని చంకనేసుకుంది. ఎవరితో చెబుతుంది? అత్తతో చెబితే ఇల్లు ఎగిరిపోతుంది. చెప్పలేదు. రాత్రికి తనకి తనే సర్దిచెప్పుకుంది. బోర్డు మీద ఏ వరసలో ఉందో అదే వరసలో అడుగుతారని బక్కోడే అన్నాడు. వాల్వుల దగ్గర కూచోవడమే కదా, తిప్పమంటే తిప్పుతాడు, వద్దంటే మానేస్తాడు. నలుగురిలో పడితే, ఆ చోటు చూస్తే, ఆ ఇనుప మెట్ల చప్పుడు వింటే, మిగతాది అదే లేచొస్తుందేమో. రాదని డాక్టరమ్మ మాత్రం చెప్పిందా?

పిలుపొచ్చిన రోజున తెల్లచొక్కా వేసి, తల దువ్వి తీసుకెళ్ళింది. పాపని అత్త దగ్గర వదిలింది. గేటు లోపల మనిషి కంటే చాలా ఎత్తున తెల్లటి నైట్రోజన్ ట్యాంకు ఉంది. కింద గొట్టాల మీద ఎండలో కూడా మంచు పేరుకుని, పొగలు కక్కుతోంది. అతను దాన్ని చూస్తాడేమో, ఆగుతాడేమో అని ఆమె అతని ముఖమే చూస్తూ నడిచింది. అతను దాని పక్కనుంచే నడిచి, మెట్ల దగ్గర ఆగి, "మీరు ముందు ఎక్కండి" అన్నాడు.

సేఫ్టీ సారు గదిలో మేస్త్రీ, బక్కోడు కూడా ఉన్నారు. సారు చెడ్డవాడేం కాదు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళిప్పించాడు, ఎలా ఉన్నావని అడిగాడు. తర్వాత వెనక గోడ మీది బోర్డు వైపు కూడా చూడకుండా, కంఠతా వచ్చినవాడిలా అడగడం మొదలుపెట్టాడు. అదే వరస.

అతను చెప్పాడు. రంగు, వాసన, రుచి. ముప్పాతిక. తడి. ఐదు తొమ్మిదులు. గొంతు కూడా పాత గొంతే, పాఠాలు చెప్పే గ్యాసాయన గొంతు. ఒక్కో జవాబుకీ మేస్త్రీ తల ఊపుతున్నాడు. బక్కోడి కళ్ళు చెమర్చాయి. మీటరు కూస్తే అన్నదాకా వచ్చి, "తను మాత్రం తల పెట్టకూడదు" అని ముగించేసరికి బక్కోడు ఆపుకోలేక వీపు మీద ఒక్కటిచ్చాడు.

"ఆ ముక్క ముందే పాటించి చావచ్చుగా రా, గాడిదా!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, వాళ్ళు నవ్వారు కాబట్టి.

"బాగుంది" అన్నాడు సారు. "సోమవారం నుంచి రమ్మను. ఎక్కడ వేస్తావ్ మేస్త్రీ?"

"వాల్వుల దగ్గరే సార్. మధ్యమధ్య మూత దగ్గర కూడా నిలబడాలి, మనుషులు తక్కువున్నారు. అదేం బరువు పని కాదుగా. లోపలికి దిగేది బక్కోడు. వీడు పైన మీటరు చూసుకుంటూ, తాడు పట్టుకుని నిలబడతాడు."

"నా తాడు వీడే పట్టుకోవాలి" అన్నాడు బక్కోడు. "ఇన్నాళ్ళూ వేరేవాడి చేతిలో పెట్టి దిగుతుంటే గుండె పీచుపీచుమంటోంది సార్. వీడు పైనుంటే నేను లోపల పాటలు పాడుకుంటూ ఊడ్చుకుంటా." ఆమె వైపు తిరిగి, "ఇక నీకు దిగుల్లేదు చెల్లెమ్మా" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. వెళ్ళడానికే లేచిందనుకున్నారు వాళ్ళు. నిజానికి ఆమె కూడా అలాగే అనుకుంది. చేతిసంచీ భుజానికి వేసుకుంది, దణ్ణం పెట్టింది. ఇప్పుడు నోరు మూసుకుని గుమ్మం దాటితే సోమవారం అతను టిఫిన్ క్యారేజీ పట్టుకుని బయల్దేరతాడు. అత్త కళ్ళొత్తుకుంటుంది. అందరిళ్ళలాగే ఆ ఇల్లూ ఉంటుంది. ఒక వారం, ఒక నెల, మీటరు కూసేదాకా. బక్కోడి చొక్కా కాలరు దగ్గర పెళ్ళాం కుట్టిన అతుకు కనిపిస్తోంది. ఈ మనిషే కదా ఊపిరి బిగబట్టుకుని కాళ్ళు పట్టుకున్నది.

"సార్" అంది. "ఒక్కటి నేను అడగొచ్చా ఈయన్ని?"

"అడగమ్మా."

చేతిసంచీ భుజం మీంచి దించి కింద పెట్టింది. అతని కుర్చీ వైపు తిరిగింది.

"ఏమండీ, అన్నయ్య లోపలున్నాడు. మీటరు కూసింది. మీరేం చేస్తారు?"

అతను వెంటనే సర్దుక్కూచున్నాడు. పైవాళ్ళ ముందు కూడా తడుముకోకుండా చెప్పాడు. "రంగుండదు. వాసనుండదు. రుచుండదు."

"మళ్ళీ చెప్పరా" అన్నాడు బక్కోడు, నవ్వు ముఖంతోనే. "సరిగ్గా వినలా నువ్వు. నేను ట్యాంకులో పడిపోయా. ఏం చేస్తావ్?"

"మనం పీల్చే గాలిలో ముప్పాతిక పైనే నైట్రోజన్."

బక్కోడి నవ్వు ఎక్కడికీ పోలేదు, అలాగే ముఖం మీద ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. మేస్త్రీ కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. సారు కలం మూత పెట్టాడు. అతను మాత్రం తర్వాత ప్రశ్న కోసం ఒక్కొక్కరి ముఖం చూస్తూ, ఎవరూ అడక్కపోయేసరికి, తనంతట తనే "తడీ ఆక్సిజనూ తగలకుండా" అని అందుకున్నాడు. స్వచ్ఛత చెప్పాడు. మూత చెప్పాడు. ఆఖరిది చెప్పేదాకా ఎవరూ ఆపలేదు.

బయట వరండాలో మేస్త్రీ ఆమె పక్కకొచ్చాడు. "ఎందుకు అడిగావమ్మా?" అన్నాడు చిన్నగా. తిట్టినట్టు లేదు. "నేను ఏదో ఒకటి సర్దేవాణ్ణి."

"మీరు సర్దేవాళ్ళే బాబాయ్."

మొగుణ్ణి వెంటబెట్టుకుని మెట్లు దిగింది. బక్కోడు గేటుదాకా వచ్చాడు గానీ దగ్గరికి రాలేదు. తన చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు, ఒకసారి జేబుల్లో పెట్టుకున్నాడు, ఒకసారి కట్టుకున్నాడు. చివరికి "వెళ్ళిరా చెల్లెమ్మా" అన్నాడు. గ్యాసాయన వైపు మాత్రం చూడలేదు.

ఇంటి దగ్గర అత్త ఎదురుచూస్తుంటుంది. గుమ్మంలోనే అడుగుతుంది. ‘నీ చేతులారా చేశావు కదే’ అంటుంది. అందులో అబద్ధం లేదు. రేపు మళ్ళీ పీట వెయ్యాలా? ఎందుకు వెయ్యాలి? వెయ్యకపోతే పొద్దంతా ఆ మనిషి ఆ గుమ్మంలో ఏం చేస్తూ కూచోవాలి? బస్సు ఆగే చోట ఎండ నిలువునా కొడుతోంది. అతను తనే ఆమెకి నీడ ఉన్న వైపు వదిలి, ఎండలోకి జరిగి నిలబడ్డాడు.

"నేను బాగా చెప్పానా అండీ?" అన్నాడు.

"చాలా బాగా చెప్పారు."

"అయితే ఇక ఇంటికెళ్ళొచ్చా?" గొంతు తగ్గించి, బయటివాళ్ళకి ఇంటి సంగతి చెప్పడానికి మొహమాటపడుతూ అన్నాడు. "మా ఆవిడ ఒక్కతే ఉంటుంది. చంటిపిల్ల. నేను రావడం కాస్త ఆలస్యమైతే చాలు, హడలిపోతుంది."

ఆమె రోడ్డు వైపు చూసింది.

"ఏం భయం లేదులెండి, వెళ్ళిపోదాం" అంది.

బస్సొచ్చింది. మోచెయ్యి పట్టుకుని ముందు అతన్ని ఎక్కించి, రెండో మెట్టు మీద కాలు ఆనిందో లేదో చూసి, తర్వాత తను ఎక్కింది.